పాఠశాల పుటలలో మన పక్షులు

పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో వెలువడింది. అందలి మిత్రలాభ కథ గోదావరీ తీరాన గల ఒక బూరుగు చెట్టుతో ఆరంభమవుతుంది. ఆ చెట్టు మీది లఘుపతనకమనే కాకి, వలలో చిక్కిన పావురాలను ఒక్కుమ్మడిగా ఎగిరింపజేసిన చిత్రగ్రీవుడు తరతరాల తెలుగు విద్యార్థులకు సుపరిచితులు. బడిలో పక్షితో వారికి కలిగిన పరిచయం చాలవరకు ఇట్టి కథల వల్లనే.

అయితే ఈ కథలు పక్షిని గూర్చి చెప్పినవి కావు. పక్షి మిషతో మానవుని గూర్చి చెప్పినవి. పంచతంత్ర హితోపదేశాల సంప్రదాయమే అది. కొంగ కపటానికి, కాకి లోకజ్ఞతకు, పావురాలు ఐకమత్యానికి సంకేతాలు. నీతి బోధపడగానే పక్షితో పని తీరిపోతుంది. నీటి ఒడ్డున ఒంటికాలిపై నిలిచిన కొంగలో దొంగజపం కనిపించినంతగా, చేపకై కాచుకొనే ఓర్పు కనిపించలేదు. నిఘంటువులు సైతం అనేకమైన పిట్టల పేర్లకు 'పక్షివిశేషము' అని మాత్రమే అర్థం వ్రాసి ఊరుకొన్నాయి.

1918లో రవీంద్రనాథ ఠాకూరు వంగభాషలో వ్రాసిన 'తోతాకాహినీ' పక్షికథతోనే విద్యావిధానాన్ని నిలదీసింది. అందులో ఒక రాజు చిలుకకు చదువు చెప్పించదలుస్తాడు. బంగారు పంజరం, పండితులు, గ్రంథరాశులు సిద్ధమవుతాయి. కాగితాలు కుక్కగా కుక్కగా చిలుక ప్రాణం విడుస్తుంది. ఎగరడం, పాడటం దాని స్వభావమని గాక, అజ్ఞానమని తలచడమే ఆ రాజసభ చేసిన నేరం.

చిత్రగ్రీవుడు 1927లో మరొక రూపంలో పిల్లల ముందుకు వచ్చాడు. అమెరికాలో స్థిరపడిన వంగీయ రచయిత ధనగోపాల ముఖర్జీ ఇంగ్లీషులో వ్రాసిన 'గే-నెక్' ఒక కలకత్తా పావురం కథ. ఆ పావురం పేరు చిత్రగ్రీవమే. 1928లో ఈ గ్రంథానికి ఆ దేశపు బాలసాహిత్య పురస్కారమైన న్యూబెరీ పతకం లభించింది. పావురం అక్కడక్కడ తన కథను తానే చెప్పుకొన్నా, రెక్కల సాధన, డేగ భయం, గూటికి తిరిగి రావడం ఇందులో ప్రధానాంశాలు.

తెలుగులో గుర్రం జాషువ 'గిజిగాడు' ఖండిక ఈ దృష్టికి చక్కని ఉదాహరణ. పాఠ్యపుస్తకాలలోనూ చోటు చేసుకొన్న ఆ పద్యాలు పిట్ట పనితనాన్ని మెచ్చుకొంటాయి. గడ్డిపోచలను, ఆకుల చీలికలను అల్లి గూటిని వేలాడదీసేది మగపిట్ట; సగం అల్లిన గూటిని పరీక్షించి ఎన్నుకొనేది ఆడపిట్ట. పాఠం ముగిశాక ఉపాధ్యాయుడు పిల్లలను ఊరి వెలుపలి తాటిచెట్ల దాకా తీసుకొని వెళితే ఆ పద్యం వారి మనసులో మరింత నాటుకొంటుంది.

స్వాతంత్ర్యానంతరం 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్, 1967లో సాలిం అలీ, లయీక్ ఫతేహ్ అలీ రచించిన 'కామన్ బర్డ్స్' గ్రంథాన్ని, 1970లో నెహ్రూ బాలపుస్తకాలయం శీర్షికన జమాల్ ఆరా రచించిన 'వాచింగ్ బర్డ్స్' పుస్తకాన్ని ప్రచురించింది. కథలో సంకేతమైన పక్షికి ఈ రచనలు రంగు, కూత, గూడు, ఆహారం సమకూర్చాయి.

ఇట్టి పరిచయం ఎంత విలువైనదో కలివికోడి ఉదంతం చెబుతుంది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకొన్న ఈ పక్షి 1986లో కడప జిల్లా పొదల అడవులలో మళ్లీ దొరికింది. దాని జాడ పట్టడంలో శాస్త్రజ్ఞులకు తోడ్పడినది స్థానికుల ఎరుకయే. గ్రంథాలు లేదనుకొన్న పక్షి ఆ పొదల దారులెరిగిన వారికి పరాయిది కాదు.

ఇప్పుడు పరీక్ష పాలపిట్టది. విజయదశమి నాడు దానిని చూడటం శుభమని తెలుగునాట పెద్దలు పిల్లలకు చెబుతారు. తెలంగాణకు అది రాష్ట్రపక్షి. 942 జాతులను పరిశీలించి 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక పాలపిట్టల సంఖ్య తగ్గుతోందని హెచ్చరించింది. పండుగనాటి దర్శనం కోసం దానిని పట్టి పంజరంలో త్రిప్పడం కూడా కొన్నిచోట్ల ఉంది. శుభం పేరిట పిట్టను బంధించరాదని పిల్లలకు కథ చెప్పాలి. అది పొలం గట్టున పురుగులనేరుకొని తిని రైతుకు మేలు చేస్తుందని పాఠం చెప్పాలి. ఈ రెండూ కలిసిననాడే పక్షి పేరుతోపాటు పక్షి కూడా రేపటి తరానికి మిగులుతుంది.