కడుపులో ఆమ్లం: కత్తికి ముందు, తర్వాత

మనవాళ్లకు కడుపులో ఏ కాస్త తేడా చేసినా అది గ్యాసు, కాదంటే ఎసిడిటీ. ఆ లెక్కన కడుపు క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఆమ్లం పొంగిపొర్లాలి. చరిత్ర చెప్పేది వేరు.

కడుపులో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని విలియం ప్రౌట్ 1824లో ప్రకటించాడు. కడుపు క్యాన్సర్ రోగుల్లో అది కనిపించడం లేదని 1879లో ఫాన్ డెన్ వెల్డెన్ అనే జర్మన్ వైద్యుడు పట్టుకున్నాడు. 1885లో ఎవాల్డ్, బోయస్ దానికో పద్ధతి ఏర్పరచారు. పరగడుపున కాస్త రొట్టె, పాలు కలపని టీ ఇచ్చి, గంట తర్వాత గొంతులోంచి గొట్టం దించి లోపలిది తోడేవారు. పింగాణీ పళ్లెంలో ఆ రసానికి రెండు చుక్కల రసాయనం కలిపి సన్నని సెగ చూపేవారు. ఎర్రబడితే ఆమ్లం ఉన్నట్టు. ఎర్రబడకపోతే క్యాన్సర్ అనుమానమే.

సర్జన్లు ఆ పాటికే కత్తి పట్టారు. పారిస్‌లో 1879లో పేయాన్ ఆపరేషన్ చేసిన రోగి అయిదు రోజులు కూడా నిలవలేదు. 1881 జనవరి 29న వియన్నాలో బిల్‌రోత్ 43 ఏళ్ల తెరేసా హెల్లర్ కడుపు కిందిభాగం కోసి తీసి, మిగిలినదాన్ని చిన్నపేగుకు కుట్టాడు. ఆమె కోలుకుంది, నాలుగు నెలల తర్వాత జబ్బు తిరగబెట్టి పోయింది. 1897లో జూరిక్‌లో ష్లాటర్ ఏకంగా కడుపంతా తీసేస్తే రోగి ఏడాది పైనే బతికింది. ఆమ్లం లేకుండా మనిషి బతకగలడని అలా తేలింది.

బతకడం వేరు, కులాసాగా ఉండడం వేరు. ఆమ్లం ఊరించే గ్యాస్ట్రిన్ ఎక్కువగా తయారయ్యేది కడుపు కిందిభాగంలోనే. అది పోతే మిగిలిన కడుపులోనూ ఊట తగ్గుతుంది. కడుపంతా పోయినవాళ్లకు సైతం గుండెల్లో మంట వస్తుంది. అది పేగులోంచి ఎగదన్నే పైత్యరసం పని, దానికి ఎసిడిటీ బిళ్ల పనిచేయదు. రూ అనే సర్జన్ పేరిట ఉన్న వై ఆకారపు పేగు అతుకు ఆ రసాన్ని దూరం పెట్టడానికి పనికొచ్చింది. మరో చిక్కు నెమ్మదిగా బయటపడుతుంది. బి12 విటమిన్ ఒంటబట్టడానికి కావలసిన పదార్థం ఆమ్లం ఊరించే కణాల్లోనే తయారవుతుంది. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. ఆ తర్వాత రక్తహీనత, అరికాళ్ల తిమ్మిర్లు. 1948లో బి12ను వేరుచేశాక ఇంజెక్షనుతో ఆ గండం గడిచింది.

ఇంతకీ పళ్లెం పరీక్ష వెనకబడిపోయింది. క్యాన్సర్ లేని వృద్ధుల్లోనూ ఆమ్లం ఉండకపోవచ్చు, క్యాన్సర్ ఉన్న రోగుల్లో కొందరికి అది మామూలుగానే ఊరుతుంది. నా ఉద్దేశంలో అసలు పొరపాటు పరీక్షది కాదు, వరసది. ఆమ్లం ఎండిపోవడం క్యాన్సర్ ఫలితమని చాలాకాలం అనుకున్నారు. కడుపు లోపొర ఏళ్ల తరబడి అరిగి, ఆమ్ల కణాలు నశించి, ఆనక క్యాన్సర్ పుట్టవచ్చని 1975లో కొరేయా అనే పరిశోధకుడు వాదించాడు. 1982లో మార్షల్, వారెన్ హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమిని పెంచి చూపడంతో ఆ అరుగుదలకు ముఖ్యకారణం దొరికింది. 2018లో వెలువడిన దక్షిణ కొరియా అధ్యయనంలో, తొలిదశ క్యాన్సర్‌ను ఎండోస్కోపుతో తీసేశాక ఈ క్రిమికి మందులిచ్చారు. మిగిలిన కడుపులో కొత్త క్యాన్సర్ మందులు వాడనివారిలో 13.4 శాతం మందికి వస్తే, వాడినవారిలో 7.2 శాతానికే వచ్చింది. మందులు వాడినవారిలో దాదాపు సగం మందికి అరిగిన లోపొర కూడా కొంత తేరుకుంది.