కమాను కట్ట

మోటారు కార్ల చరిత్ర వ్రాయువారు తరచుగా ఇంజనుతోను, పైరంగుతోను, వాటిలో ఊరేగిన జమీందారులతోను ఆరంభింతురు. నాకు మాత్రము ఆ చరిత్ర కారు క్రింద, గ్రీజును దుమ్మును కలిసి నల్లని చట్టుగా పేరుకొన్న చోట, వెల్లకిల పరుండి చూచినపుడే స్పష్టముగా గోచరించును. అచట వెనుక ఇరుసునకు ఇరువైపుల, ఒకదాని క్రింద నొకటి పొడవు తగ్గుచు అమరిన ఉక్కు పట్టీల దొంతర కనబడును. ఇంగ్లీషు పుస్తకములు దానిని లీఫ్ స్ప్రింగ్ అన్నను, మన మెకానిక్కుల నోట అది కట్ట, కొందరికి కమాను. కమాను పారసీకపు మాట, విల్లని యర్థము. ఆ వంపును చూచినవానికి వేరు వ్యాఖ్య అక్కరలేదు.

ఆ విల్లు మన దేశమునకు కారుతో రాలేదు. జట్కా క్రింద అంతకు ముందే ఉండెను. ఎద్దుబండికి కమాను లేదు. ఇరుసు ప్రతి గతుకును నేరుగా బండివాని నడుమునకు అందజేయుచుండగా, మెల్లని నడకయు, అడుగున పరచిన గడ్డియు మాత్రమే దానికి మందు. గుఱ్ఱము పరుగెత్తవలసిన బండికి ఆ మందు చాలదు. ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ అనునతడు 1804లో గుఱ్ఱపుబండి పెట్టెను ఉక్కుపట్టీల కమానులపై నిలుపు పద్ధతికి పేటెంటు పొందగా, బండి అడుగున నుండెడి బరువైన పొడవు దూలమునకు పని తప్పిపోయెను. ఆ విద్య కాలక్రమమున మన జట్కాల దాకా దిగివచ్చుటచేత, కారు మన ఊళ్లలో అడుగుపెట్టునప్పటికే, పట్టీని విప్పి, కొలిమిలో కాల్చి, సుత్తిదెబ్బలతో పోయిన వంపును మరల నిలిపి, నూనెలో ముంచి పదును పెట్టగల కమ్మరి ఇంజను మాట యెరుగకపోయినను కారు వెనుకభాగమును ఎరిగియే యుండెను.

కారును ఇంటనే విప్పి బాగుచేసికొను అలవాటు మనకు వినోదముగా పుట్టినది కాదు, కరవుచేత పుట్టినది. విదేశపు విడిభాగములు తెచ్చి ఇచట బిగించి అమ్ముట మాత్రమే కాక, దేశములోనే తయారుచేయ సంకల్పించిన కంపెనీలనే నిలుపవలెనని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేయగా, ఫోర్డును జనరల్ మోటార్సును తట్టాబుట్టా సర్దుకొనెను. మిగిలినవి కొద్ది: 1942లో పుట్టి 1948లో ఓఖా రేవునుండి వంగదేశపు ఉత్తరపారాకు తరలిన హిందుస్థాన్ మోటార్సు, బొంబాయి కుర్లాలో ఫియట్లు చేసిన ప్రీమియర్, మదరాసులో స్టాండర్డ్. క్రొత్తకారునకు డబ్బు కట్టినవాడు ఏండ్ల తరబడి ఎదురుచూడవలసిన ఆ రోజులలో, ఉన్నకారును తండ్రినుండి కొడుకు పుచ్చుకొని నడుపుట పొలము పుచ్చుకొనుట వంటిదే.

మా యింట నున్నది పాత అంబాసిడరు. 1957లో మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి ననుసరించి వెలువడిన ఆ బండికి వెనుక కట్టలే. గతుకు దాటినప్పుడెల్ల వెనుకనుండి తలుపు తట్టినట్లు టక్కుమని శబ్దము వినవచ్చుచుండగా, వీథి చివరి కమ్మరి క్రిందికి దూరి, ఇనుపగడ్డతో కట్ట చెవిని ఒకసారి ఎత్తి చూచి, "కట్టకేం కాలేదండీ అయ్యగారూ, బుష్షులే అరిగిపోయినయ్" అని తేల్చెను. మా తండ్రిగారు మారుమాటాడక మరుసటి ఆదివారమే పనికి దిగిరి.

ఇటుకలు నమ్మదగినవి కావని, పాత రైలు స్లీపరు చెక్క ముక్కలను చాసిస్ క్రింద రెండువైపుల నిలిపిరి. ఇరుసును మాత్రము జాకీపై వదలుగా వ్రేలనిచ్చి, యూ బోల్టులను విప్పి, వెనుక కొసనున్న షాకిలును ఊడదీసిరి. బరువు పడినపుడు కట్ట వంపు విడిచి పొడవు సాగును గనుక, ఆ సాగుటకు చోటిచ్చి ఊగు చిన్న ఊయలయే షాకిలు. దాని బుష్షు అరిగినచో ఇనుము ఇనుమును కొట్టును, మేము వినుచుండినది ఆ కొట్టుడే. ముందు కొసన చెవిలోని రబ్బరు బుష్షు ముప్పాతిక వంతు అరిగి, ఒకవైపు చంద్రవంక వలె మిగిలియుండెను. క్రొత్తదానిని దిగగొట్టుటకు సుత్తి పనికిరాదు. జానెడున్నర బోల్టు, చెవికంటె కొంచెము వెడల్పైన గొట్టపు ముక్క, రెండు మందపు వాషర్లు కూర్చి, సబ్బునీరు పూసి నట్టు త్రిప్పుచుండగా రబ్బరు మూలుగుచు లోనికి జరిగెను. నూనె ఎందుకు పూయరాదంటిని. నూనె రబ్బరును తినివేయునని చెప్పి, బోల్టులన్నిటిని వ్రేళ్లతోనే సగము బిగించి, కారును నేలకు దింపిన పిమ్మట గాని పానా చేతబట్టలేదు. గాలిలో బిగించినచో, బరువు దిగగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికతోనే నెలలోపల చినుగునట. సూక్ష్మమంతయు ఈ కడపటి బిగింపులోనే యున్నదని నా నమ్మకము. తొందరగలవాడు తప్పునది కూడ అచటనే.

ముందు చక్రముల జోలికి మాత్రము ఆయన పోలేదు. అచట విల్లు లేదు. కార్ల రూపకర్త అలెక్ ఇసిగోనిస్ 1948 నాటి మారిస్ మైనరునకు పెట్టిన టార్షన్ బార్ వంశమే అంబాసిడరు ముందుభాగముదియు: కారు పొడవున పరుండిన ఉక్కుకడ్డీ యొక కొస చక్రపు చేతికి, రెండవ కొస చాసిస్సునకు కట్టుబడి, తాను మెలిపడుటచే గతుకును మ్రింగును. చూపునకు వట్టి కడ్డీ. తెలియక విప్పినవాని చేయి విరుగును. కుడివైపు కడ్డీని ఎడమకు పెట్టరాదు, ఏలయన ఏండ్ల తరబడి ఒకే దిక్కునకు మెలిపడిన ఉక్కు ఆ దిక్కునకే అలవాటుపడును. జట్కా నేర్పిన విద్య ఆ కడ్డీ దగ్గర ఆగిపోయెను. ముందు భాగమున మాకు మిగిలిన పని గ్రీజుగన్ను పని. అదియు ఒక వేసవి నేను బద్ధకించగా, కింగ్ పిన్నులు అరిగి, చక్రమును పైన క్రింద పట్టి ఊపినచో వదులుపన్ను వలె కదలసాగెను. ఆ తప్పు కారుది కాదు, నాది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. దాని ముందు చక్రములకు మెక్‌ఫర్సన్ స్ట్రట్టు: చుట్టు స్ప్రింగును, షాకబ్జరును ఒకే స్తంభముగా కూర్చినది. అణగిన ఆ చుట్టను పట్టి నొక్కు బిగింపు పనిముట్టు లేక విప్పబూనుట ప్రాణముతో చెలగాటము. కొలిమికి దానితో సంబంధమే లేదు. ప్రయాణము మెత్తబడెను, దొడ్డిలో ఆదివారపు సుత్తిచప్పుడు తగ్గెను. ఈ బేరమున నష్టము ఎవరిదో నేను తేల్చలేను. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. కట్టలు మాత్రము లారీల క్రింద నేటికిని ఉన్నవి. కమ్మరి కుమారుడు విజయవాడ ఆటోనగరులో వానికే వంపులు నిలుపుచున్నాడు. నాన్నగారి జానెడున్నర బోల్టు, రెండు వాషర్లతో సహా, మా దొడ్డి తలుపునకు గడియయై యున్నది.