డెల్యూజ్ సినిమా గ్రంథాలు: పుట్టుపూర్వోత్తరాలు

ఫ్రెంచ్ తత్వవేత్త జీల్ డెల్యూజ్ (1925–1995) సినిమాపై రెండు సంపుటాలు రాశాడు. ‘చలన బింబం’ 1983లో, ‘కాల బింబం’ 1985లో వెలువడ్డాయి. పారిస్-8 విశ్వవిద్యాలయంలో 1981 నుంచి అతను చెప్పిన పాఠాలే వీటికి పునాది.

వీటి మూలాలు సినిమా పుట్టిన రోజుల్లోనే కనిపిస్తాయి. లూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28న పారిస్‌లో టికెట్టు పెట్టి బొమ్మ ఆడించారు. మరుసటి ఏడాది ఫ్రెంచ్ తత్వవేత్త ఆంరీ బెర్గ్‌సన్ ‘పదార్థం, స్మృతి’ గ్రంథం ప్రచురించాడు. పదార్థమంటే బింబాల సముదాయమేనని అందులో ప్రతిపాదించాడు. అయితే 1907 నాటి ‘సృజనాత్మక పరిణామం’లో సినిమాను భ్రమకు ఉదాహరణగా చూపాడు. నిశ్చల చిత్రాలను వరసగా తిప్పితే నిజమైన చలనం పుట్టదని, మన బుద్ధి కూడా కాలప్రవాహాన్ని అలాగే ముక్కలు చేసి చూస్తుందని అతని వాదన.

1966లోనే బెర్గ్‌సన్‌పై పుస్తకం రాసిన డెల్యూజ్, ఆ విమర్శకు జవాబును బెర్గ్‌సన్ ‘పదార్థం, స్మృతి’లోనే వెతికాడు. రీలులో ఉన్నవి విడివిడి ఫ్రేములే కావచ్చు, తెరపై ప్రేక్షకుడికి అందేది మాత్రం చలనంతో కలిసిన బింబమే అన్నాడు. దాన్ని ప్రధానంగా మూడు రకాలుగా విడదీశాడు: చూపుకు సంబంధించినది, క్లోజప్‌లో ముఖం పలికించే భావానికి సంబంధించినది, పరిస్థితికి బదులుగా మనిషి చేసే పనికి సంబంధించినది. ఈ వర్గీకరణకు అమెరికన్ తత్వవేత్త పర్స్ సంకేత సిద్ధాంతం తోడ్పడింది. సినిమాను భాషాశాస్త్ర సూత్రాలతో వివరించిన క్రిస్టియన్ మెట్జ్ పద్ధతిని అతను అంగీకరించలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిస్థితికీ పనికీ మధ్య ఆ ముడి సడలిందని రెండో సంపుటం చెబుతుంది. డి సికా తీసిన ‘ఉంబెర్తో డి’ (1952)లో పనిపిల్ల తెల్లవారి వంటింట్లోకి వస్తుంది. చీమలను నీళ్లతో కడిగేస్తుంది, కాఫీ గింజలు మర పడుతుంది, కూర్చున్న చోటి నుంచే కాలు చాపి తలుపు మూస్తుంది. ఇంతలో తన గర్భం మీద చూపు పడుతుంది. కథ ముందుకు కదలదు, ఆమె చేయగలిగిందీ లేదు. సినీ విమర్శకుడు ఆంద్రే బజాన్ మెచ్చిన ఈ ఘట్టంలో డెల్యూజ్ కొత్త బింబం పుట్టుకను చూశాడు. చలనానికి కొలతగా ఉన్న కాలం ఇక్కడ నేరుగా కంటికి కనిపిస్తుంది.

ఈ గ్రంథాలు సినిమాకు తత్వశాస్త్రాన్ని పైనుంచి అద్దలేదు. తత్వవేత్త భావనలతో ఆలోచిస్తే, గొప్ప దర్శకుడు బింబాలతో ఆలోచిస్తాడని గుర్తించాయి. సినీ సిద్ధాంతానికి వీటి ముఖ్యమైన దోహదం ఆ గౌరవమే.