వేలిముద్ర: కరణం గారి కట్ట నుంచి బ్యాంకు మిషను దాకా

అన్నలూ, తమ్ముళ్ళూ, ఈ పోస్టు కాస్త పొడుగు. టీ పెట్టుకుని కూర్చుని చదవండి. డబ్బుకి సంబంధించిన విషయం, మధ్యలో వదిలీయొద్దు.

మా పిన్ని కాశీబుగ్గలో పాతికేళ్ళు జీడిపిక్కల పని చేసింది. జీడి రసం తగిలితే వేళ్ళ చర్మం ఏటవుతాదో మన పలాస వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రేషన్ డిపోలో మిషను మీద వేలు పెడితే ఒకపట్టాన పడదు. తుడుచుకుని, ఇంకో వేలు పెట్టి, మళ్ళీ మొదటి వేలు పెట్టి, వెనకాల లైనులో వాళ్ళు విసుక్కుంటే తలొంచుకుని నిలబడుతుంది. అలాంటి మనిషి ఖాతాలోంచి పోయినేడాది ఎవరో వేలిముద్ర వేసి పదివేలు తీసీసారు. మెసేజ్ వచ్చింది గానీ ఆవిడకి చదువు రాదు. నాకు చూపించేసరికి వారం దాటిపోయింది.

"నా యేలు నాకే పడదు గదా, దొంగోడికెలా పడింది బావూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి దొరికినవన్నీ చదువుతున్నాను. తెలిసింది మీకు చెప్తున్నాను.

ఈ వేలిముద్ర మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? దొరలు లండన్ నుంచి తెచ్చింది కాదు, మన దేశంలోనే పుట్టింది. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి రోడ్డు సామాను సప్లై చేయడానికి రాజ్యధర్ కొనై అనే ఊరి మనిషితో ఒప్పందం రాయించుకున్నాడు. కాగితం వెనక అతని అరచెయ్యి మొత్తం సిరాతో అద్దించాడు. ఎందుకంటే, రేపు ఈ సంతకం నాది కాదు అనకుండా భయపెట్టడానికి. ఆ మాట హెర్షెలే తర్వాత రాసుకున్నాడు. 1877లో హుగ్లీలో పింఛన్లకీ, దస్తావేజుల రిజిస్ట్రేషన్‌కీ వేళ్ళ ముద్రలు పెట్టించాడు. చచ్చిపోయినోళ్ళ పేరున పింఛను తీసుకోకుండా అట. ఇప్పుడు మన పింఛనుకి వేలు పెట్టించడానికి చెప్పే కారణమూ అదే! 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ఆ ముద్రల్ని వరసలుగా విడగొట్టే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళు. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది. సరే, అది వేరే కథ.

మన వైపు వద్దాం. టెక్కలి, తర్లా, మందస అన్నీ జమీందారీలు. 1948 చట్టంతో అవి పోయాయి గానీ లెక్కలు మాత్రం కరణం గారి కట్టలోనే ఉండిపోయాయి. మన తాత భూమి ఎంతో మన తాతకంటే కరణానికే బాగా తెలుసు. అడంగల్లో పేరు మారిందో లేదో చూడాలంటే ఆయన గుమ్మం ముందు నిలబడాలి, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని. షావుకారు దగ్గర కథా అంతే. చదువు రాని మనిషి ప్రోనోటు మీద బొటనవేలు పెడతాడు, అందులో ఎంత రాసుకున్నాడో దేవుడికి ఎరుక.

ఆ వేలిముద్రల మీద కోపం ఎంత పెరిగిందో చూడండి. 1968 నవంబరు 25న, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న పార్వతీపురం ఏజెన్సీలో, పెదగొట్టిలి దగ్గర గిరిజనులు ఒక భూస్వామి ఇంటి మీద పడ్డారు. ధాన్యంతో పాటు అప్పు పత్రాలూ పట్టుకుపోయారు. అది మంచా చెడా అన్న గొడవ నేనిక్కడ పెట్టను. కాగితం పోతే దానిమీదున్న ముద్ర కూడా పోయేది, నాకు కావలసింది అంతే.

1984లో ఎన్టీ రామారావు గారు కరణాలు, మునసబుల పదవులు తీసీసారు. 1998 నవంబరు 4న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. 2015లో మీభూమి వచ్చింది. ఇవాళ వజ్రపుకొత్తూరులో కూర్చుని ఫోన్లో 1బి చూసుకుంటున్నాం, ఎవడి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. లెక్కలు బయటపెట్టడం మంచిదే అని నేను ఇప్పటికీ అంటాను. వేలిముద్ర మిషను కూడా అన్నిచోట్లా చెడు చేయలేదు. ఉపాధి కూలీ, పింఛన్లు మన రాష్ట్రంలో స్మార్ట్ కార్డుతో ఇచ్చినప్పుడు డబ్బు త్వరగా అందిందనీ, మధ్యలో తినేది తగ్గిందనీ పెద్ద అధ్యయనంలోనే తేలింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, లెక్కతో పాటు వేలు కూడా బయట పడిపోయింది.

2001లో రిజిస్ట్రేషన్ చట్టం సవరించి దస్తావేజుకి ఫోటో, వేలిముద్రలు తప్పనిసరి చేశారు. అప్పటికి వేలిముద్ర అంటే సంతకం లాంటిదే, నలుగురు చూస్తే నష్టం లేదు. తర్వాత ఆధార్ వచ్చింది. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు, ఈ మూడూ ఉంటే చాలు, ఊళ్ళో చిన్న మిషను మీద ఒక విడతకి పదివేల దాకా డబ్బు తీయొచ్చు. ఓటీపీ ఉండదు, పిన్ను ఉండదు. అంటే సంతకం కాస్తా తాళంచెవి అయిపోనాది. పాత దస్తావేజుల మీద ఆ తాళంచెవి అచ్చు అలాగే ఉంది, స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెట్టారు కూడా.

2018లో తెలంగాణ పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ముల వ్యాపారి చేసింది ఇదే. రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్లోని దస్తావేజులు దించుకుని, ముద్రల్ని రబ్బరు స్టాంపు చేసినట్టు చేసి, ఊరూ పేరూ తెలియని జనం మీద వేల సిమ్ములు తెరిచీసాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా అయితే మన ఆంధ్ర రిజిస్ట్రేషన్ సైటు నుంచే దస్తావేజులు దించి బ్యాంకు ఖాతాల మీద పడింది. మరి ఆధార్ నంబర్లో? 2017 మేలో వచ్చిన ఒక నివేదిక, నాలుగు ప్రభుత్వ సైట్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు కనబడుతున్నాయని లెక్క తేల్చింది. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే: చంద్రన్న బీమా, ఉపాధి హామీ చెల్లింపులది.

మా పిన్ని డబ్బు ఏ దారిన పోయిందో తేల్లేదు. కాకపోతే కొన్నేళ్ళ కిందట ఆవిడ పావెకరం తోట అమ్మింది. ఆ దస్తావేజు మీద ముద్ర చక్కగా పడింది, నేనే పక్కనున్నాను.

కోర్టు ఏమందో కూడా వినండి. ఆధార్ మీద 2012లో కేసు వేసిన పెద్దాయన జస్టిస్ పుట్టస్వామి. ఈ పేరు మీరు విన్నదే, 1994లో మన రాష్ట్రంలో వేసిన బీసీ కమిషన్ ఆయన పేరు మీదదే. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా, మనిషి గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. మరుసటేడు సెప్టెంబరు 26న ఆధార్ ఉండొచ్చన్నారు గానీ, ప్రైవేటు కంపెనీలు దాన్నే అడగడానికి దారిచ్చిన 57వ సెక్షన్ కొట్టేశారు. అయినా మనం పురుగుమందు కొట్టులో, ఫైనాన్స్ కొట్టులో, అడగకముందే జిరాక్స్ తీసి చేతిలో పెట్టీస్తున్నాం.

పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ఏటీఎం కార్డు పోతే కొత్తది ఇస్తారు. వేలు మార్చుకోలేం గనక ఉన్న ఒక్క దారి తాళం వెయ్యడం. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఉంటది. అది వేస్తే ఎవరు మీ ముద్ర పెట్టినా మిషను తీసుకోదు. గుర్తుంచుకోండి, మీరు పెట్టినా తీసుకోదు. రేషన్‌కీ, పింఛనుకీ, పీఎం కిసాన్ ఈకేవైసీకీ వెళ్ళే ముందు కాసేపు తెరుచుకోవాలి. డబ్బు పోతే అదే రోజు 1930కి ఫోన్ చెయ్యండి, మూడు పనిదినాల్లోపు బ్యాంకులో రాసిచ్చి రసీదు తీసుకోండి. మా పిన్నికి ఆ గడువు దాటిపోయింది, ఇప్పటికీ తిరుగుతున్నాం.

ఆదివారం సాయంత్రం మా అరుగు మీదే ఉంటాను. లాక్ ఎలా వెయ్యాలో చూపిస్తాను, ఫోన్లు పట్టుకు రండి. ఆధార్‌కి ఏ నంబరు లింకయి ఉందో ముందే చూసుకోండి, చాలామందికి పాత సిమ్ముదే ఉంది. ముసలోళ్ళని కూడా తీసుకు రండి.