రేవుమెట్లు, రాతి గోడలు

ఉత్తరాంధ్రలో చెరువు గట్టు మట్టిది, రేవు రాతిది. గట్టు కరిగితే నాలుగు తట్టల మట్టి పోసి సరిచేస్తారు. మనుషులు దిగే చోట మాత్రం అంచు జారకుండా రాతి గోడ, కాలు నిలవడానికి మెట్లు ఉండాలి. శ్రీకూర్మంలో శ్వేతపుష్కరిణి మెట్లు దిగి మునిగాకే భక్తులు దర్శనానికి వెళతారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం తర్వాత పైడితల్లి విగ్రహం విజయనగరం పెద్దచెరువులోనే దొరికిందని అక్కడివారి నమ్మకం. అమ్మవారి తెప్పోత్సవం జరిగేదీ అందులోనే. ఇలాంటి రేవు పాడైతే ఊరంతటికీ లోటే.

పాత గోడల్లో చాలావాటికి సున్నం కూడా లేదు. రాయి మీద రాయి పేర్చి, గోడను కొంచెం గట్టు వైపు వాల్చేవారు. పొడవాటి రాయి తల లోపలి మట్టిలోకి పోయేలా పెట్టి, సందుల్లో చిన్న రాతి ముక్కలు బిగించేవారు. ఆ సందులే గోడకు ప్రాణం. వానకు నానిన గట్టులో నీరు నిండుతుంది. మదుము తీసి చేలకు నీళ్లు వదిలితే చెరువు మట్టం త్వరగా దిగుతుంది, గట్టులోని నీరు అంత త్వరగా దిగదు. దానికి దారి దొరక్కపోతే గోడను వెనక నుంచి తోస్తుంది. గోడ కడుపు ఉబ్బినట్టు ముందుకు వస్తుంది, మెట్లు ఒక పక్కకు ఒరుగుతాయి. సందుల్లో మొలిచిన రావి మొక్క వేరు మిగతా పని పూర్తి చేస్తుంది.

రాయి ఎంపికా ముఖ్యమే. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే రాయికి ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో ఖోండలైట్ అని పేరు పెట్టారు. కోణార్క ఆలయానికి వాడింది ఇదే. చెక్కడానికి అనువైనదే గానీ, ఏళ్ల తరబడి తడిసి ఆరితే పొరలుగా రాలుతుంది. రోజూ నీళ్లు, కాళ్లు తగిలే మెట్టుకు గట్టి నల్లరాయే మేలు.

మరమ్మతు ఎవరిదన్నది కాలంతో మారింది. 1802 శాశ్వత శిస్తు విధానంతో ఈ ప్రాంతంలో చాలా భాగం జమీందారుల చేతిలో ఉండిపోయింది. ఏటా గట్టు మీద ఊరివారు చేసే పనిని కుడిమరామత్తు అనేవారు. ఆచారంగా వస్తున్న ఆ చాకిరీకి మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టబలం ఇచ్చింది. బలవంతపు పని కాబట్టి దాన్ని మెచ్చుకోలేం, కానీ గట్టును ఏటా చూసే కన్ను ఒకటి ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత చెరువులు ప్రభుత్వానికి వచ్చాయి, పని టెండర్ల మీద సాగింది.

దానితో పాటు సిమెంటూ వచ్చింది. పాత గోడ సందులను సిమెంటుతో పూడ్చితే చూడ్డానికి బాగుంటుంది, నీటి దారి మూసుకుపోతుంది. కొత్త కాంక్రీటు గోడకైనా నీరు కారే గొట్టాలు, వెనక కంకర పొర తప్పవు. పాత గోడనే తిరిగి కట్టాలంటే రాళ్లకు వరసగా అంకెలు వేసి, పైనుంచి కిందికి విప్పి, పునాది సరిచేసి, అదే వరసలో పేర్చాలి. చెరువు ఎండిన వైశాఖంలో మొదలుపెడితే, తొలకరికి ముందే నీటి అడుగున ఉండే మెట్టు కుదురుకుంటుంది.