యసుత్సుగు పొట్టికత్తి: సంతకం, ఉక్కు, ప్రామాణికత

జపాన్ పాత పొట్టికత్తి చేతికొస్తే చాలామంది ముందు పిడి ఊడదీస్తారు. లోపల చెక్కిన పేరు చదివి, ఆ పేరు ఏ కమ్మరిదో పట్టికల్లో వెతుకుతారు. పరీక్ష అక్కడే తలకిందులవుతుంది. పేరు ఉలి పట్టిన ఎవరైనా చెక్కగలరు. ఉక్కును మడిచి సాగగొట్టి, కాల్చి నీటిలో ముంచిన తీరును అనుకరించడం మాత్రం కష్టం. అందుకే పేరు చివర చదవాలన్నది ఈ వ్యాసం వాదన. ఉదాహరణగా మొదటి తరం ఎచిజెన్ యసుత్సుగు పేరున్న వాకిజాషిని తీసుకుంటున్నాను. అతని కత్తుల మీద సంతకంతోపాటు తొకుగావా వంశపు ముద్ర, చాలాసార్లు ఇనుము గురించిన మాట కూడా చెక్కి ఉంటాయి. ఇన్ని హామీలు ఒకేచోట కనిపించే కత్తి దగ్గరే పరీక్షకుడు ఏమరుపాటు పడతాడు. పైగా ఆ ఇనుము చర్చ తెలంగాణ కొలిముల దాకా వస్తుంది.

వాకిజాషి అంటే అలుగు పొడవు ఒక షాకు నుంచి రెండు షాకుల లోపు ఉన్న కత్తి, అంటే సుమారు 30.3 నుంచి 60.6 సెంటీమీటర్లు. అంతకు పొట్టిది తాంతో, అంతకు పొడవుది కటానా. కొలత మొన నుంచి వెన్ను మీది గంటు దాకా సరళరేఖలో తీయాలి. పిడిలోకి దిగే తోక భాగం, నకాగో, ఇందులోకి రాదు. తొకుగావా షోగన్లు ఎదో (నేటి టోక్యో) నుంచి పాలించిన ఎదో కాలంలో రెండు కత్తులు ధరించడం సమురాయ్ వర్గపు హక్కు. వర్తకులకు, ప్రయాణికులకు పొట్టికత్తి ఒక్కటే అనుమతి. అందువల్ల 17, 18 శతాబ్దాల వాకిజాషిలు లెక్కకు మిక్కిలిగా మిగిలాయి, వాటిలో ఎక్కువ భాగం సాదా పనితనమే. పాతదైతే చాలు అరుదైనదనుకోవడం పొరపాటు.

పొట్టిగా ఉన్న ప్రతి కత్తీ పొట్టిగానే పుట్టలేదు. పొడవు కత్తిని తోకవైపు నుంచి కోసి తగ్గించడం జపాన్‌లో మామూలు. తోకలో ఒకటికి మించి మేకు రంధ్రాలున్నా, అలుగు మీది గాడి తోక చివరిదాకా సాగి తెగినట్టు ఆగినా, వాదర గీత తోకలోకి దిగినట్టు కనిపించినా ఆ అనుమానం రావాలి. బాగా తగ్గించిన కత్తికి అసలు సంతకం కోతలోనే పోతుంది. నకిలీ సంతకాలకు అలాంటి ఖాళీ తోకే అనువైన చోటు.

యసుత్సుగు ఓమి ప్రాంతపు షిమోసాకా కమ్మరుల వాడు. ఎచిజెన్ ప్రాంతానికి వచ్చి, తొకుగావా షోగన్లలో మొదటివాడైన ఇయెయసు కొడుకు యూకి హిదెయసు కొలువులో చేరాడు. ఆ తర్వాత ఇయెయసు అతన్ని పిలిపించుకుని తన పేరులోని ‘యసు’ అక్షరాన్ని ఇచ్చాడు, తోక మీద తన వంశపు ఆవోయి ఆకుల ముద్ర చెక్కుకోవడానికి అనుమతించాడు. యసుత్సుగు 1621లో చనిపోయాడు. పేరూ ముద్రా మాత్రం అతనితో పోలేదు. మూడో తరం దగ్గర ఎదో శాఖ, ఎచిజెన్ శాఖ అని వంశం చీలింది. వారసులు అదే పేరు, అదే ముద్ర వాడుతూ వచ్చారు. కాబట్టి ముద్ర అసలైనదే అయినా మొదటి తరమని తేలదు. అమ్మకపు కాగితాల మీద ‘షోగన్ ముద్ర గల కత్తి’ అని రాస్తే ధర పెరుగుతుంది గానీ జ్ఞానం పెరగదు.

1615లో ఒసాకా కోట పడిపోయినప్పుడు తొకుగావాల ప్రత్యర్థులైన తొయొతొమి వారి ప్రసిద్ధ కత్తులు ఎన్నో కాలిపోయాయి. మంటలో చిక్కిన కత్తికి గట్టిదనం పోతుంది. వాటికి మళ్ళీ నీరు పట్టించే పని యసుత్సుగుకు అప్పగించారు. పాత ప్రసిద్ధ కత్తులకు అతను నకళ్ళు కూడా చేశాడు. ఆ నకళ్ళు మోసం కాదు. తన పేరుతో, ప్రభువు ఆజ్ఞతో చేసినవి. అయితే వాటి ఆకారం 14వ శతాబ్దిది, చేసిన చెయ్యి 17వ శతాబ్దిది. ఆకారం ఒక్కటే చూసి కాలం నిర్ణయించేవాడు ఇక్కడ దెబ్బతింటాడు.

మరి దేన్ని నమ్మాలి? ముందు అలుగు ఒళ్ళు చూడాలి. 1596లో మొదలైన కెయిచో శకపు కత్తులు వెడల్పుగా, వంపు తక్కువగా, మొన కాస్త సాగి ఉంటాయి; తగ్గించిన 14వ శతాబ్ది పెద్ద కత్తుల రూపు అప్పటి అభిరుచి. తర్వాత ఉక్కు. దీపం ఒకవైపు నుంచి పడేట్టు పట్టుకుని చూస్తే మడతల అల్లిక కనిపిస్తుంది. యసుత్సుగు ఉక్కు నలుపు తిరిగిన రంగులో, చెక్క చారల లాంటి అల్లికతో ఉంటుందని పరీక్షకుల్లో స్థిరపడిన మాట. ఆ పైన వాదర గీత, హమోన్. అలుగుకు మట్టి పూసి, వాదర దగ్గర పూత పలచగా ఉంచి, కాల్చి నీటిలో ముంచితే వాదర వేగంగా చల్లబడి గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా మిగులుతుంది. ఆ రెంటి హద్దే ఈ గీత. హద్దులో మెరిసే కణాలు కంటికి విడివిడిగా కనిపిస్తే నియె, పొగమంచులా కలిసిపోతే నియొయి. ఆమ్లంతో గీసిన నకిలీ హమోన్‌కు ఈ లోతు ఉండదు. అది ఉపరితలం మీద తెల్లని పూతలా మాత్రమే కనిపిస్తుంది, దీపం కదిలించినా ప్రాణం రాదు. మొన లోపలికి గీత ఎలా తిరిగిందో కూడా చూడాలి. మొన విరిగి మళ్ళీ తీర్చిన కత్తిలో ఆ తిరుగుడు పోతుంది.

మళ్ళీ నీరు పట్టించిన కత్తిని గుర్తించడానికి ఒక పాత సూత్రం ఉంది. వాదర మొదలయ్యే గంటు దగ్గర నుంచి ఏటవాలుగా లేచే మసక నీడ, మిజుకాగె, కనిపిస్తే అది మళ్ళీ కాల్చిన కత్తని అంటారు. సూత్రం ఉపయోగపడేదే. అయితే యసుత్సుగు సమకాలికుడు హొరికావా కునిహిరో అసలు కత్తుల్లో ఆ నీడ సహజంగానే ఉంటుంది. అంటే ఈ ఒక్క గుర్తుతో కత్తిని తోసెయ్యడం కుదరదు. అసలు లోపం వేరు: వాదరను అడ్డంగా చీల్చే సన్నని పగులు, హగిరె. అది ఉన్న కత్తి ఎంత గొప్ప చేతి పనైనా విలువ కోల్పోతుంది.

ఇక తోక. జపాన్ పరీక్షకులకు తోక మీది తుప్పు మచ్చ కాదు, దస్తావేజు. మూడు నాలుగు శతాబ్దాల తుప్పు ముదురు గోధుమ నుంచి నలుపు దాకా ఉంటుంది, ఒళ్ళంతా సమంగా, గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఎర్రగా పొడిపొడిగా రాలితే కొత్తదైనా కావచ్చు, కృత్రిమంగా పట్టించిందైనా కావచ్చు. ఆకురాయి గీతల వాలు, తోక చివరి మలుపు ప్రతి కమ్మరి కుటుంబానికీ అలవాటుగా వచ్చినవి. సంతకాన్ని ఇక్కడ చూడాలి, అదీ అర్థం కోసం కాదు, ఉలి కోసం. గీత లోపలి తుప్పు, బయటి తుప్పు ఒకే వయసువా? ఉలి లేపిన అంచులు కాలానికి అరిగాయా, ఇంకా పదునుగా ఉన్నాయా? గీతల క్రమం, వాలు తిరుగులేని నమూనాల కాగితపు అచ్చులతో సరిపోతాయా? ఎదో నగరంలో పేరుగాంచిన కొతెత్సు కత్తులకు నకిలీలు ఎంతగా పుట్టాయంటే, అతని సంతకం చూడగానే ముందు అనుమానించడం పరీక్షకులకు అలవాటైంది. యసుత్సుగుకూ ఆ జాగ్రత్త వర్తిస్తుంది. అసలైన పాత తోకను వేరే అలుగుకు అతికిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు సంతకం నిజం, కత్తి అబద్ధం.

యసుత్సుగు తోకల మీద తరచు కనిపించే మాట సారాంశం ఇది: దక్షిణ సముద్రాల నుంచి వచ్చిన ఇనుముతో, ముసాషి దేశపు ఎదోలో, ఎచిజెన్ యసుత్సుగు చేసినది. నాన్‌బన్ ఇనుము అనే ఈ సరుకు పోర్చుగీసు, తర్వాత డచ్చి ఓడల మీద వచ్చింది. అదెక్కడిది? ఆ రోజుల్లో తూర్పు సముద్రాల్లో అమ్ముడైన మేలిమి ఉక్కులో తెలుగు నేలది ముఖ్యమైనది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారని ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త వోయిసీ రాసిన వృత్తాంతం 1832లో అచ్చయింది. అంతకు రెండు శతాబ్దాల ముందే, 1605 నుంచి, డచ్చివారికి మచిలీపట్నంతో వ్యాపారం ఉంది. కోరమాండల్ ఇనుము, ఉక్కు అక్కడి నుంచి బటావియాకు (నేటి జకార్తా) వెళ్ళేవి. 1609లో వారు జపాన్‌లోని హిరాదోలో కోఠీ తెరిచారు. దారి ఉంది, కాలం కుదిరింది. ఇంతవరకు కథ బాగానే ఉంది.

దీని మీద ఆధారపడి ‘యసుత్సుగు కత్తిలో మన గోల్కొండ ఉక్కు’ అని రాయడం మాత్రం తొందరపాటు. మూస ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం చుట్టూ ఉంటుంది. పారశీక కత్తుల మీది నీటి అలల వంటి చారలు అందులోని కార్బైడు పంక్తుల వల్ల వస్తాయి, తక్కువ వేడి మీద నెమ్మదిగా సాగగొడితేనే అవి నిలుస్తాయి. జపాన్ కమ్మరి అతుకు పెట్టేంత వేడికి కాల్చి, మడిచి, మళ్ళీ మళ్ళీ కొడతాడు. ఆ వేడిలో చారలు కరిగిపోతాయి, కర్బనం తగ్గుతుంది, సొంత ఇనుము కలుస్తుంది. ఆ అలుగులో కంటికి కనిపించే తెలంగాణ గుర్తు ఏదీ మిగలదు. కాబట్టి ఆ శాసనం సరుకు పేరుకు సాక్ష్యమే తప్ప ఊరికి కాదు. తేల్చాలంటే లోహ విశ్లేషణ కావాలి. ఫ్లోరెన్స్‌లోని స్టిబ్బర్ట్ మ్యూజియం జపాన్ కత్తులను కోయకుండా, గీరకుండా న్యూట్రాన్ వివర్తనంతో పరీక్షించారు. అలుగు లోపల కర్బనం ఎక్కడెక్కడ ఎంత ఉందో ఆ పద్ధతి చెబుతుంది. ఉక్కు పుట్టిన చోటును పట్టుకోవాలంటే దానికి తోడు సూక్ష్మ మూలకాల పోలికలు, కోనసముద్రం వంటి చోట్ల చిట్టెం నమూనాలతో సరిపోల్చడం అవసరం.

కాగితాల సంగతి క్లుప్తంగా. 1948లో ఏర్పడిన జపాన్ కళా ఖడ్గ పరిరక్షణ సంఘం ఇచ్చే పత్రాలు నాలుగు అంచెలు: హొజోన్, తొకుబెత్సు హొజోన్, జూయో, తొకుబెత్సు జూయో. 1982కు ముందరి దాని పాత పత్రాలను మళ్ళీ పరీక్షకు పంపించడం మంచిది. జపాన్ ప్రభుత్వ నమోదు కార్డు కత్తిని ఉంచుకోవడానికి అనుమతి మాత్రమే, ప్రామాణికతకు హామీ కాదు. కత్తుల పరీక్షకు పేరుపడ్డ హోనామి వంశీకులు ఎదో కాలంలో ఇచ్చిన విలువ పత్రాలు అందమైనవే, కానీ పత్రం ఒక కత్తిది, పక్కన పెట్టింది మరొకటి కావడం ఎప్పుడూ సాధ్యమే.

1945లో ఆగ్నేయాసియాలో జపాన్ సేనలు లొంగిపోయినప్పుడు అధికారులు కత్తులు అప్పగించారు. ఆ యుద్ధ కాలపు కత్తుల్లో చాలావరకు కర్మాగారపు ఉక్కువి. కొన్నింటిలో మాత్రం సైనిక పిడి కింద కుటుంబపు పాత అలుగు ఉంటుంది. ఆ యుద్ధంలో పాల్గొన్న మన పాత సైనికుల ఇళ్ళలో అలాంటిది ఏదైనా ఉంటే దాని తోకను చింతపండుతో గానీ, తుప్పు మందుతో గానీ తోమవద్దు, అలుగును సానకు ఇవ్వవద్దు. వెదురు మేకు తీసి, తోక రెండు వైపులా పక్క వెలుతురులో ఫోటో తీయండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ జపాన్ కత్తులున్నాయి. ఇలాంటి సేకరణలున్న మన మ్యూజియాలు అలుగు పొడవు, వంపు, తోక చిత్రాలతో వివరమైన పట్టిక ప్రచురించాలి. పరిశోధనకు ముందుగా కావలసింది అదే.