అల్లాయ్ చక్రాలపై మొండి బ్రేకు ధూళి: తొలగించే పద్ధతి, చేయకూడని పొరపాట్లు

కారును శుభ్రంగా కడిగి ఆరబెట్టిన తరువాత కూడా ముందు చక్రాలపై గోధుమ రంగు చుక్కలు మిగిలిపోతుంటాయి. అవి సబ్బు నీటికి లొంగవు, గుడ్డతో రుద్దినా కదలవు. చాలామంది వాటిని రోడ్డు మట్టిగా భావించి స్టీలు పీచునో, బాత్‌రూము యాసిడ్‌నో ఆశ్రయిస్తారు. అప్పుడు మచ్చతో పాటు చక్రం మెరుపూ పోతుంది. నిజానికి ఆ మచ్చలు మట్టివి కావు, తుప్పు పట్టిన ఇనుప కణాలవి. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే వాటిని ఎలా తొలగించాలో, ఏ పని చేయకూడదో తేలికగా అర్థమవుతుంది.

బ్రేకు ధూళి ఎలా పుడుతుంది?

బ్రేకు తొక్కినప్పుడు, చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ను రెండు ప్యాడ్లు ఇరువైపుల నుంచి నొక్కి పడతాయి. ఆ రాపిడి వల్ల కారు వేగం వేడిగా మారుతుంది. అదే సమయంలో ప్యాడ్ నుంచీ, డిస్క్ నుంచీ కొద్దికొద్దిగా పదార్థం అరిగి పొడిగా రాలుతుంది. డిస్క్ సాధారణంగా పోత ఇనుముతో తయారవుతుంది. ప్యాడ్‌లో లోహపు పోగులు, గ్రాఫైట్, ఖనిజాల పొడి, వీటన్నిటినీ పట్టి ఉంచే రెసిన్ ఉంటాయి. అందువల్ల రాలే ధూళిలో ఇనుము పాలు ఎక్కువ.

వేడిగా వెలువడిన ఈ కణాలు చక్రం పైపూతకు అంటుకుంటాయి. తేమ తగిలితే తుప్పు పడతాయి. రోజులు గడిచేకొద్దీ వాటి పట్టు బిగుస్తుంది. బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు మొగ్గుతుంది కనుక ముందు బ్రేకులే ఎక్కువ శ్రమ పడతాయి. పైగా మన దేశంలోని అనేక చిన్న కార్లలో వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులు ఉంటాయి. వాటి ధూళి చాలావరకు డ్రమ్ లోపలే నిలిచిపోతుంది. ముందు చక్రాలు నల్లబడినా వెనుక చక్రాలు శుభ్రంగా కనిపించడానికి కారణం ఇదే. తిరుమల, ఊటీ, సిమ్లా వంటి ఘాట్ రోడ్లు దిగి వచ్చిన కార్లలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

వదిలేస్తే వచ్చే నష్టం ఏమిటి?

అల్లాయ్ చక్రాన్ని అల్యూమినియంలో సిలికాన్, మెగ్నీషియం వంటివి కలిపిన మిశ్రమ లోహంతో పోత పోస్తారు. దానిపై ప్రైమర్, రంగు, చివరగా పారదర్శకమైన రక్షణ పూత ఉంటాయి. మనం కడిగేది లోహాన్ని కాదు, ఈ పూతను. ఇనుప కణాలు పూతను దెబ్బతీస్తే, రాళ్లు తగిలి అది పగిలితే, తేమ లోపలి అల్యూమినియాన్ని చేరుతుంది. అప్పుడు తెల్లని పొడి, పొక్కులు, పూత కింద పురుగు పాకినట్టు గీతలు కనిపిస్తాయి. ఇక ఏ క్లీనరూ దానిని బాగుచేయలేదు. చక్రానికి మళ్లీ పూత వేయించవలసిందే. విశాఖపట్నం, చెన్నై, ముంబయి వంటి సముద్రతీర నగరాల ఉప్పు గాలి ఈ నష్టాన్ని వేగిరపరుస్తుంది.

యాసిడ్, చింతపండు ఎందుకు పనికిరావు?

ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే మెరుస్తుంది. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగించడమే అందుకు కారణం. ఆ అలవాటుతో కారు చక్రాన్ని కూడా పులుపుతోనో, యాసిడ్‌తోనో రుద్దాలని అనిపించడం సహజం. కానీ ఇత్తడి బిందెపై రంగు పూత ఉండదు, చక్రంపై ఉంటుంది. ఘాటైన ఆమ్లం తుప్పుతో పాటు పూతనూ, పూత లేచిపోయిన చోట అల్యూమినియాన్నీ తింటుంది. కాస్టిక్ సోడా కలిసిన ఘాటైన క్షారాలు కూడా అల్యూమినియాన్ని కరిగిస్తాయి.

కొన్ని పారిశ్రామిక క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం లేదా అమ్మోనియం బైఫ్లోరైడ్ ఉంటుంది. ఇవి చర్మం గుండా లోపలికి ఇంకి శరీరంలోని కాల్షియంతో కలుస్తాయి. మొదట నొప్పి తెలియకపోయినా తరువాత ప్రాణాపాయం కలగవచ్చు. ఇటువంటి సీసాలను ఇంటికి తేకూడదు. పొరపాటున ఒంటిపై పడితే వెంటనే ధారాళమైన నీటితో కడుగుతూ, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

తొలగించే పద్ధతి

1. కారును నీడలో నిలిపి చక్రాలు పూర్తిగా చల్లారే వరకు ఆగాలి. కాలిన డిస్క్‌పై చన్నీళ్లు పోస్తే అది వంకరపోయే ప్రమాదం ఉంది. వేడి చక్రంపై రసాయనం క్షణాల్లో ఎండి మరకవుతుంది.

2. ఒక్కో చక్రాన్ని విడివిడిగా శుభ్రం చేయాలి. ముందుగా నీటితో వదులు ధూళిని కడగాలి. పొడి బ్రష్‌తో దులపడం, గాలి పంపుతో ఊదడం తగదు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ విరివిగా వాడేవారన్నది మరువరాదు.

3. కారు షాంపూ కలిపిన నీటితో, మెత్తని బ్రష్‌తో ఆకుల సందులు, లోపలి అంచు, బోల్టుల గుంటలు కడగాలి. చక్రాలకు వాడిన బకెట్టు, గుడ్డ కారు పైభాగానికి వాడకూడదు. వాటిలోని ఇనుప రజను రంగును గీస్తుంది.

4. మిగిలిన మచ్చలపై, తటస్థ స్వభావం గలదని సీసాపై రాసి ఉన్న ఐరన్ రిమూవర్‌ను చల్లాలి. వీటిలో సాధారణంగా థయోగ్లైకోలేట్ లవణం ఉంటుంది. అది ఇనుముతో కలిసి ఊదా రంగుకు మారి కారుతుంది. కుళ్లిన గుడ్డును పోలిన వాసన వస్తుంది కనుక గాలి ఆడే చోట, చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి వాడాలి. దీనిని మరే క్లీనర్‌తోనూ కలపకూడదు.

5. సీసాపై సూచించిన సమయం కాగానే, ఎండిపోకముందే బాగా కడగాలి. మచ్చలు ఇంకా ఉంటే ఘాటు పెంచకుండా ఇదే పనిని మరోసారి చేయాలి.

6. అప్పటికీ గరుకు తగిలితే క్లే బార్ అనే మెత్తని ముద్దను, సబ్బు నీటి తడి ఆరకుండా, తేలికగా జరపాలి.

7. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఆ తరువాత చక్రాలకు మైనం లేదా సీలెంట్ పూయాలి. అది డిస్క్‌కు, ప్యాడ్‌కు ఏ మాత్రం అంటకూడదు. అంటితే బ్రేకు పట్టు తప్పుతుంది.

8. చివరగా ఖాళీ స్థలంలో కారును నెమ్మదిగా నడుపుతూ బ్రేకును కొన్నిసార్లు మెల్లగా తొక్కి తడి ఆరబెట్టాలి. అది చేయకుండా రద్దీ రోడ్డు ఎక్కరాదు.

నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2024 వేసవి నీటి ఎద్దడిలో, తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా విధిస్తామని బెంగళూరు జలమండలి ప్రకటించింది. పైపుకు బదులు బకెట్టు వాడితే నీటి వృథా చాలా తగ్గుతుంది.

కడిగేటప్పుడు చూడవలసినవి

చక్రాన్ని దగ్గర నుంచి చూసే అవకాశం కడిగేటప్పుడే దొరుకుతుంది. రెండు ముందు చక్రాలలో ఒకదానిపైనే ధూళి విపరీతంగా ఉంటే, ఆ వైపు బ్రేకు పూర్తిగా వదలకుండా పట్టేస్తూ ఉండవచ్చు. లోపలి అంచున నూనె తడి కనిపిస్తే అది బ్రేకు ఫ్లూయిడ్ లీకు కావచ్చు. డిస్క్‌పై లోతైన గాడులు, బాగా పలచబడిన ప్యాడ్, చక్రంలో చీలిక, టైరు పక్కన ఉబ్బు కనిపిస్తే కడగడం ఆపి మెకానిక్‌కు చూపించాలి. ఇవి అందానికి సంబంధించినవి కావు, కారులో ప్రయాణించే వారి ప్రాణాలకు సంబంధించినవి.

ధూళిని తగ్గించడం సాధ్యమేనా?

పూర్తిగా ఆపడం సాధ్యం కాదు. ముందున్న వాహనానికి తగినంత దూరం పాటించడం, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తక్కువ గేరులో నడపడం వల్ల బ్రేకు వాడకం తగ్గుతుంది. సిరామిక్ ప్యాడ్లు సాధారణంగా తక్కువ ధూళిని రాలుస్తాయి. కాకపోతే, వాహన తయారీదారు అనుమతించిన రకాన్నే ఎంచుకోవాలి. విద్యుత్ కార్లలో మోటారే వేగాన్ని తగ్గించడానికి తోడ్పడుతుంది కనుక ప్యాడ్లు తక్కువగా అరుగుతాయి.

చక్రంపై మనకు కనిపించేది ఈ ధూళిలో కొంత భాగమే. మిగిలినది గాలిలో, రోడ్డుపై, కాలువల్లో కలుస్తుంది. అందుకే యూరోపియన్ యూనియన్ 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు పొగతో పాటు బ్రేకుల నుంచి వెలువడే కణాలకు కూడా తొలిసారిగా పరిమితి విధించాయి.

రెండు వారాలకు ఒకసారి షాంపూ నీటితో చక్రాలు కడిగే వారికి ఘాటైన రసాయనాల అవసరం అరుదుగానే కలుగుతుంది. మచ్చ మొండిబారక ముందే కడిగితే పూత నిలుస్తుంది, బ్రేకుల పరిస్థితీ తెలుస్తుంది.